బాలవ్వ దవడ మీద తెల్లమచ్చ

ఆ పొద్దు హనుమండ్లు వేసుకున్న లెక్క చాలా చిన్నది. చొప్పదండిలో మొదటి బస్సెక్కాలి. కరీంనగర్‌లో భార్య బాలవ్వ దవడకు ఎక్స్‌రే తీయించాలి. రైతులు చాయ్ తాగి బజారుకు వచ్చేలోపు తిరిగొచ్చి ఇంటి ముందుగదిలోని తన విత్తనాల షాపు షట్టర్ ఎత్తాలి. ముందురోజు సాయంత్రం మిరుగు వాన, అంటే మృగశిర కార్తె తొలకరి, దంచి కొట్టింది. పత్తి విత్తనాలు అమ్మేవాడికి అసలు పండుగ మొదటి వాన మర్నాడే. ఆ రోజు ఎవరి దగ్గర ప్యాకెట్ కొంటే, మందులకూ ఎరువులకూ పత్తి ఏరేదాకా రైతు ఆ షాపుకే వస్తాడు. ఆ ఒక్కరోజు షాపు మూస్తే ఏడాదంతా సగం మూసినట్టే.

బాలవ్వ దవడకు ఈ సంగతి తెలియదు. వారంగా నొప్పి పెట్టిపెట్టి, సరిగ్గా వాన పడ్డ సాయంత్రమే బూరెలా పొంగింది. ఊళ్ళో పళ్ల డాక్టరు పద్మలత చూసి, "ఒక్క పన్ను చూస్తె తెల్వది. రెండు దవడలు మొత్తం వచ్చేటట్టు ఎక్స్‌రే తీయించుకొని రాండ్రి. ఆ మిషన్ కరీంనగర్‌ల ఉంటది" అన్నది.

"రెండు దినాలు ఆగి పోదమే. గిరాకీ రోజులు" అని హనుమండ్లు నసిగాడు.

"నీ ఇత్తనాలు మొలకెత్తేదాక నా పండ్లు ఆగుతయా?" అన్నది బాలవ్వ, చెంప పట్టుకొనే.

బయలుదేరేముందు హనుమండ్లు కోడలు కోమలను పిలిచి గట్టిగా చెప్పాడు. "షాపు తెరువకు బిడ్డా. రేట్లు నీకు తెల్వయి. ఎవ్వలన్న అస్తె, గీడికే పోయిండు, ఇప్పుడే అస్తడని చెప్పు."

"సరే మామా" అన్నది కోమల. ఆమె భర్త లక్ష్మణ్ దుబాయ్‌లో ఉంటాడు. అతను కూడా నెలకొకసారి ఫోన్‌లో ఇదే మాట చెబుతుంటాడు, షాపు బాపు చూసుకుంటడని.

ఎదుటి వరుసలో పోశం షాపు అప్పటికే తెరిచి ఉంది. అదీ విత్తనాల షాపే. ముంగట నీళ్లు చల్లుతున్న పోశం చెంబు దించి పలకరించాడు. "ఎటు అన్నా, వానవడ్డ తెల్లారి షాపు ఇడిసిపెట్టి?"

"గీడికే తమ్మీ. ఉరికస్త."

పోటీదారుకు ఇంట్లో నొప్పి సంగతి చెప్పడమంటే, తక్కెడ అతని వైపు మొగ్గేలా మనమే రాయి వేసినట్టని హనుమండ్లు నమ్మకం.

కరీంనగర్‌లో ఎక్స్‌రే తీసే కుర్రవాడి పేరు విజయేందర్. మర్యాదస్తుడు. బాలవ్వను లోపలికి తీసుకుపోయి మిషన్ ముందు నిలబెట్టాడు. "అవ్వా, పుస్తెలతాడు జర కిందికి జరుపుకుంటె సాలు. కమ్మలు మాత్రం తియ్యాలె. బంగారం ఉంటె బొమ్మ ఖరాబైతది."

బాలవ్వ తలుపు వైపు చూసింది. తలుపు అవతల బెంచీ మీద భర్త కూర్చొని ఉన్నాడు.

"పెనిమిటి గాడ దుక్కలెక్క కూసోని ఉండంగ, నన్ను బోడి చెవులతోని నిలవడుమంటవా కొడుకా?"

"ఒక్క నిమిషమే అవ్వా."

"నా చెవులు బోసిగుండేది ఆయన పోయిన నాడే. గా నిమిషం నాకద్దు."

విజయేందర్ బతిమాలి, నచ్చజెప్పి, మిషన్ సర్దడానికి అద్దం గదిలోకి వెళ్లాడు. బాలవ్వ గోడ వైపు తిరిగి చెవుల దగ్గర చేతులు ఆడించింది. తర్వాత కొంగు నెత్తి మీదుగా లాగి చెవులు రెండూ గట్టిగా కప్పుకున్నది. కుర్రవాడు తిరిగొచ్చి చూసేసరికి చాలా వినయంగా నిలబడి ఉంది. వాన పడ్డ చలికి కప్పుకున్నదనుకొని అతను గడ్డం కింద పీట సరిచేశాడు, పుల్ల కొరికి పట్టుకోమన్నాడు. మిషన్ ఆమె తల చుట్టూ మెల్లగా తిరిగింది.

కంప్యూటర్ మీద బొమ్మ పడగానే విజయేందర్ మొహం మారింది. పళ్ల వరుసలకు పైన, అటొకటి ఇటొకటి, రెండు తెల్లని మసక మచ్చలు. బొమ్మ అంచుల్లో కమ్మలు రెండూ స్పష్టంగా మెరుస్తున్నాయి. అతను లేచి నేరుగా బాలవ్వ దగ్గరికి పోయి కొంగు తీయమన్నాడు.

సరిగ్గా అప్పుడే హనుమండ్లు అద్దం గదిలోకి తొంగి చూశాడు. కుర్చీ ఖాళీ, బొమ్మ ఎదురుగా ఉంది. ఎక్స్‌రే తీయగానే పంపమని కొడుకు ముందే చెప్పి ఉన్నాడు. హనుమండ్లు ఫోన్ తీసి, అనవసరమైన అంచులు వదిలేసి, అవసరమనిపించిన తెల్లమచ్చను దగ్గరగా ఫోటో కొట్టి 'మన ఇంటోళ్లు' వాట్సాప్ గ్రూపులో వేశాడు. వేలు తీసేలోపే కరెంటు పోయింది.

లోపల బాలవ్వ విజయేందర్ చేయి పట్టుకుంది. "మా ఆయనకు చెప్పకు కొడుకా. గింతమంది ముంగట నా ఇజ్జత్ తీస్తడు."

అందుకని అతను బయటికొచ్చి నేల చూస్తూ అన్నాడు. "బొమ్మ మంచిగ రాలే పెద్దనాయ్నా. మల్ల తియ్యాలె. కరెంటు రావాలె, గీ మిషన్ ఇన్వర్టర్ మీద నడువది."

"ఏమన్న ఖరాబున్నదా?"

"మల్ల తీస్తెగాని చెప్పలేం."

హనుమండ్లు జీవితమంతా బేరాలాడినవాడు. సరుకులో లోపం ఉన్నవాడే కళ్లు తప్పిస్తాడని అతనికి తెలుసు. ఈ కుర్రవాడు కళ్లు తప్పించాడంటే లోపం బాలవ్వ దవడలో ఉందన్నమాట.

దుబాయ్ నుంచి లక్ష్మణ్ ఫోన్ వచ్చింది. "బాపూ, గా తెల్లగున్నదేందే?"

"తెల్వదు బిడ్డా. మల్ల తీస్తరట."

"మల్లెందుకు తీస్తరు? మా రూముల గోపాల్ ఉన్నడు గదా, ఇచ్చోడ ఊరాయన. వాళ్ల కాకకు గిట్లనే తెల్లగ కనవడ్డదట. కోసి తీసిండ్రట."

"కోసిండ్రా?"

"దవడ కోసిండ్రట బాపూ. గోపాల్ చెప్తుండు."

గోపాల్ కాకకు కోసింది మోకాలనీ, ఆ మచ్చ మోకాలి ఎక్స్‌రేలో కనిపించిందనీ తర్వాత తెలిసింది. అప్పటికి ఆ మాట గ్రూపులోకి చేరింది. ధర్మపురిలో ఉండే బాలవ్వ అక్క నాగవ్వ అది విని నరసింహస్వామికి మొక్కుకొని, కొబ్బరికాయ సంచితో చొప్పదండి బస్సెక్కింది. ఎక్కేముందు కోమలకు ఫోన్ చేసి ఏడ్చింది. కోమల వంటింట్లో నుంచి బయటికొచ్చి ఏడ్చింది. షాపు మూసి ఉందేమని అడగడానికి అరుగు ఎక్కిన రైతు బుచ్చిరాములు ఆ ఏడుపు చూశాడు. ఆ తర్వాత ఊరికి వార్త చేరడానికి వాట్సాప్ అవసరం లేకపోయింది.

కరీంనగర్‌లో కరెంటు రాలేదు. హనుమండ్లు ఫోన్ మాత్రం ఆగలేదు. పోశం కూడా చేశాడు.

"అన్నా, వదినె సంగతి ఇన్న. నాకెందుకు చెప్పకపోతివే పొద్దుగాల? నువ్వేం పరేషాన్ గాకు. నీ గిరాకీ ఎటువోదు, నేనున్న."

మామూలు రోజైతే ఆ చివరి మాటకు హనుమండ్లుకు రెండు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. వ్యాపారంలో నష్టం రెండు రకాలు. మన షాపులో కనిపించేది ఒకటి, ఎదుటి షాపులో కనిపించేది ఇంకొకటి. రెండోదే ఎక్కువ మండుతుంది. కానీ ఇప్పుడు ఆ మంట రాలేదు. బస్టాండు వైపు చూశాడు, బస్సు కదిలిపోతోంది. పోనీ అనుకున్నాడు. రోడ్డు దాటి బాదంపాలు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. గ్లాసు చూడకుండా ఆమె దవడనే చూస్తూ ఇవ్వడంతో సగం పాలు ఆమె చీర మీద ఒలికాయి.

బాలవ్వ అతని మొహం చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"షాపు కోసం ఏడుస్తున్నవా?"

"షాపు గంగల కలువనియ్. దవడ కోస్తరటనే."

"ఎవ్వలిది?"

"నీదే. తెల్లమచ్చ ఉన్నదట."

బాలవ్వ బాదంపాలు పక్కన పెట్టింది. తర్వాత కొంగు పక్కకు జరిపి చెవులు చూపించింది. "గా మచ్చలు గివే. నేనే తియ్యలే."

హనుమండ్లుకు అర్థం కాలేదు. విజయేందర్ వచ్చి విడమరిచి చెప్పాడు. "మిషన్ తలకాయ సుట్టు తిరుగుతది గదా పెద్దనాయ్నా. కుడి చెవి కమ్మ నీడ ఎడమ దిక్కు, జర మీదికి పడ్తది. ఎడమది కుడి దిక్కు పడ్తది. రోగం గాదు, నీడ."

హనుమండ్లు కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. నవ్వు వచ్చింది. అది అక్కడున్నవాళ్లకు ఏడుపులా వినిపించి, ఒకామె మంచినీళ్లు ఇచ్చింది.

బాలవ్వ కమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. ఇంట్లోవాళ్ల భయం తీర్చాలని అతను వెంటనే గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపాడు. "ఎవ్వలు ఫికర్ చెయ్యకుండ్రి. బాలవ్వ కమ్మలు తీసేసినం. కరెంటు రాంగనే లోపటికి పంపుతున్నం."

చెప్పిందంతా నిజమే. కానీ ఆసుపత్రిలో ఆడవాళ్ల నగలు తీయించి లోపలికి పంపేది దేనికో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. నాగవ్వ బస్సులోనే కొబ్బరికాయ సంచి పట్టుకొని శోకాలు పెట్టింది. ఆపరేషన్‌కు తీసుకుపోయారని చొప్పదండి బజారంతా నమ్మింది.

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. బోసి చెవులతో తీసిన బొమ్మలో మచ్చలు లేవు. ఒక దవడ పన్ను వేరు కింద మాత్రం శనగగింజంత నల్లటి చుక్క ఉంది. విజయేందర్ ఫోన్‌లో పంపితే పద్మలత చూసి, వేరు కింద చీము పట్టిందనీ, మందులు వాడి పంటికి వైద్యం చేస్తే తగ్గుతుందనీ చెప్పింది. ఆ నల్లచుక్క మొదటి బొమ్మలోనూ ఉంది. తెల్లగా మెరిసేవాటి ముందు దాన్నెవరూ పట్టించుకోలేదు.

బస్సుకు టైమైందని బాలవ్వ కమ్మలు కొంగున ముడేసుకొని పరుగెత్తింది. ఊగే బస్సులో మర తిప్పి పెట్టుకోవడం చేతకాలేదు. చొప్పదండిలో దిగాక, నొప్పితో నడవలేనని ఆటో ఎక్కి సందులోంచి ఇంటి వెనుక గుమ్మానికి పోయింది. హనుమండ్లు బజారు మీదుగా నడిచాడు, షాపు మూసి ఉండటం కళ్లారా చూసి ఆ బాధ తీర్చుకుందామని.

ఇల్లంతా జనం. ధర్మపురి నుంచి వచ్చిన నాగవ్వ వెనుక గుమ్మంలోనే ఎదురైంది. కోసిన దవడ కోసం చూసింది, దవడ ఉంది. చెవులు చూసింది, కమ్మలు లేవు. చెల్లెలి వెనక చూసింది, మరిది లేడు. నాగవ్వ కొబ్బరికాయ జారవిడిచింది.

"అయ్యో చెల్లే! ఆపరేషన్ నీకనుకుంటిమి గదనే! హనుమండ్లుకేమైందే!"

ఒక్కసారిగా ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. ఆ గోలలో అక్క మాట సరిగ్గా చెవిన పడక బాలవ్వకు ఎవరు పోయారో తెలియలేదు. అందరూ ఏడుస్తున్నారని తనూ మొదలుపెట్టింది. అంతలో ముందు వైపు నుంచి హనుమండ్లు లోపలికొచ్చి, "ఎవ్వలు పోయిండ్రే?" అని అడిగాడు.

ఏడుపు ఆగింది. నాగవ్వ కళ్లు తుడుచుకొని మరిదిని పైనుంచి కిందికి చూసింది. "నువ్వే పోయినవ్. ఎప్పుడచ్చినవ్?"

హనుమండ్లు మనసు ఇంకొక చోట ఉంది. లోపలికొచ్చే దారిలో షాపు షట్టర్ పైకెత్తి ఉండటం చూశాడు. అరలు చూశాడు. పత్తి విత్తనాల అరలన్నీ ఖాళీ.

"కోమలా! షాపు తెరువద్దన్న గదా! సరుకేదే?"

"అమ్ముడువోయింది మామా" అన్నది కోమల, ముక్కు ఎగబీలుస్తూ. "అత్తమ్మ సంగతి అడుగనీకి ఊళ్లకు ఊళ్లే వచ్చె. కూసోనీకి జాగ లేకపాయె. ఇత్తనాల బస్తాల మీద కూసుంటరని షాపు తెరిచిన. కూసున్నోళ్లు ఎట్లన్న వచ్చినం గదా, రెండు ప్యాకెట్లియ్యి బిడ్డా అన్నరు. బాధల ఉన్న ఇల్లని ఎవ్వలు బేరం గూడ ఆడలే."

"రేట్లు నీకెట్ల తెలిసినయే?"

"ప్యాకెట్ మీదనే అచ్చేసి ఉంటది గదా మామా."

హనుమండ్లు ఇన్నేళ్లుగా దాచిన వ్యాపార రహస్యం ప్యాకెట్ వెనకాల అచ్చు వేసి ఉందని కోడలు ఒక్కపూటలో కనిపెట్టింది.

"మరి పోశం షాపు?"

కోమల గొంతు తగ్గించి మూల వైపు చూపింది. అక్కడ చెమటతో తడిసిన బనీనుతో, చేతిలో ఒక ఖాళీ అట్టపెట్టెతో పోశం నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ అన్న మాట వినగానే బజారు పద్ధతి ప్రకారం అతను తన షట్టర్ దించాల్సి వచ్చింది. ఎదుటి ఇంట్లో ప్రాణం మీదికొస్తే గల్లా ముందు కూర్చున్నాడని ఊరంతా అంటుంది. పలకరించడానికి బ్రెడ్డు పట్టుకొని వచ్చాడు. వచ్చినవాడు ఊరికే నిలబడితే బాగుండదని, అరల మీది నుంచి ప్యాకెట్లు దించి అందించాడు. తన సొంత గిరాకీలకు, తన చేతులతోనే, హనుమండ్లు సరుకు.

"వదినెకు మంచిగనే ఉన్నదా అన్నా?" అన్నాడు నీరసంగా.

"మంచిగనే ఉన్నది తమ్మీ. ఉత్త నీడ."

"నీడా?"

"నీడనే."

పోశం అట్టపెట్టెను జాగ్రత్తగా మడిచి అరుగు మీద పెట్టి, ఆలోచిస్తూ రోడ్డు దాటాడు. ఆ సాయంత్రం మళ్లీ వాన పడింది.

మర్నాడు మొదటి బస్సుకు పోశం తన భార్య వినోద చెంపకు గుడ్డ కట్టించి కరీంనగర్ తీసుకుపోయాడు. ఆమె పళ్లకు ఏ రోగమూ లేదు.