ముడి లేని శాలువా

ఆ శనివారం పొద్దున నవ్య ప్లాన్ చాలా సింపుల్. ఏడింటికి తెనాలిలో రైలెక్కాలి, రైల్లో శాలువా చివరి ఇరవై వరసలూ అల్లెయ్యాలి, పదిన్నరకి బాపట్లలో మహిళల చేతిపనుల మేళా ఎంపిక టేబుల్ మీద ఆ శాలువా పరిచెయ్యాలి. వాళ్ళకి నచ్చిందా, వచ్చే నెల మేళాలో మూడు రోజులు స్టాల్ ఉచితం. నచ్చలేదా, సోమవారం నుంచి బ్యాంకు పరీక్షల కోచింగ్, ఇంట్లో ఉన్న ఉన్ని అంతా అటక మీదకి. ఇది నాన్న వీరరాఘవయ్య తీర్పు.

"మే నెలలో తెనాలిలో ఉన్ని ఎవడు కొంటాడే?" అన్నాడాయన గుమ్మంలో నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"నీకు మంకీ క్యాప్ అల్లిచ్చాగా, అదేం చేశావ్ నాన్నా?"

"గ్రైండర్‌కి తొడిగాం. దానికి భలే సరిపోయింది."

నవ్య పట్టించుకోలేదు. హైదరాబాద్ హాస్టల్లో ఫోన్ చూసి అల్లిక నేర్చుకున్న రోజు నుంచీ ఆ ఇంట్లో టీవీ రిమోట్‌కి, పంచదార డబ్బాకి, చివరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా స్వెట్టర్లున్నాయి. అల్లేటప్పుడు ఆమెది ఒకటే రూలు: లెక్క మధ్యలో నోరు విప్పకూడదు. వరసకి వంద కుట్లు. నోరు విప్పితే లెక్క పోతుంది, లెక్క పోతే మళ్ళీ ఒకటి నుంచి. అందుకే ఎవరేం అడిగినా తలూపేస్తుంది.

తెనాలి ప్లాట్‌ఫారం మీద కూడా అల్లుకుంటూనే నడిచి, అల్లుకుంటూనే కనపడ్డ బండి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఒక పెద్దాయన వచ్చి, "ఇది రేపల్లె బండేనా అమ్మా?" అన్నాడు. తలూపింది. రెండు నిమిషాలకి ఒకావిడ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది. ఓ చేతిలో ఫైళ్ళు, భుజాన పిల్లాడంత హ్యాండ్‌బ్యాగు.

"అమ్మాయ్, ఇది బాపట్ల వెళ్తుందా?"

నవ్య మళ్ళీ తలూపింది. ఒకే బండి రెండు ఊళ్ళకీ వెళ్ళదు కదా అని అరవై మూడో కుట్టు దగ్గరున్న మనిషికి ఎలా తడుతుంది?

ఫ్యాను ఆగిపోయి చెమట కళ్ళలోకి కారాక గానీ ఆమె తలెత్తలేదు. పెట్టె ఖాళీ. బయట బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రేపల్లె. ఆ పైన పట్టాలే లేవు. ఎదురుగా ఫైళ్ళావిడ నిలబడి ఉంది.

"తలూపావు! నేను బాపట్లా అంటే నువ్వు తలూపావు!"

"సారీ ఆంటీ, లెక్కలో ఉన్నానండి."

"ఆంటీ ఏంటి, ఆంటీ? పదిన్నరకి నేను అక్కడుండాలి. ఇంక నన్ను మాట్లాడించకు."

బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. స్టేషన్ బయట వలలు నింపుకున్న ట్రాలీ ఆటో ఒకటి బాపట్లకే బయల్దేరుతోంది. వలల మీద గంగయ్య, ఆయన భార్య పేరంటాలు కూర్చుని ఉన్నారు. "ఎక్కండమ్మా, సోఫా కంటే మెత్తన," అంది పేరంటాలు. ఫైళ్ళావిడ ఎక్కబోతుంటే హ్యాండ్‌బ్యాగు పట్టీ పుటుక్కున తెగింది. కళ్ళజోడు, టిఫిన్ బాక్సు, గొడుగు, నాలుగు బత్తాయిలు వలల మీద దొర్లాయి. ఆవిడ నవ్య వంక చూసిన చూపుకి ఉన్ని అంటుకోవాల్సింది.

చెరుకుపల్లి దాటాక గతుకు. ఆటో ఎగిరింది, సూది జారింది, ఉన్ని బంతి వెనక నుంచి రోడ్డు మీద పడి దొర్లుకుంటూ పోయింది.

"ఆపండి! అన్నా, ఆపండి!"

ఆటో ఆగేసరికి వరస వెనక వరస ఊడిపోయి, నాలుగడుగుల శాలువా రెండడుగులైంది. మిగతాదంతా గులాబీ రంగు దారమై రోడ్డు పొడవునా పడుంది. "బాబాయ్, కాస్త ఇది పట్టుకోండి," అని గంగయ్య చేతిలో పెట్టి నవ్య బంతి కోసం పరిగెత్తింది.

గంగయ్యకి నలభై ఏళ్ళుగా వలలు అల్లడమే పని. శాలువా అంచున వంద కన్నాలు ముడి లేకుండా నోళ్ళు తెరుచుకుని వేలాడుతుంటే ఆయన ప్రాణం ఒప్పలేదు.

"పాపం, ఈ పిల్లకి ఎవరూ ముడెయ్యడం నేర్పలేదే," అన్నాడు.

"తల్లి లేదేమో," అంది పేరంటాలు, సంచిలోంచి వల దారం చుట్టిన చెక్క సూదులు రెండు తీస్తూ.

పావుగంటలో నవ్య దారం చుట్టుకుంటూ వెనక్కొచ్చేసరికి మొగుడూపెళ్ళాలు చెరోవైపు నుంచీ ముడులేసి, చేతి అలవాటు కొద్దీ అడుగున గుండ్రంగా మూసేసి, పైన రెండు పట్టీలు కూడా పెట్టేశారు. పైసగం మెత్తటి శాలువా, కింద సగం చేపల వల.

"బాబాయ్! అల్లికకి ముడి ఉండదు!"

"లేకపోతే ఎట్టాగమ్మా? ఇందాక చూశాంగా ఏమైందో."

 నవ్యకి కళ్ళ ముందు కోచింగ్ సెంటర్ కనపడింది. ఫైళ్ళావిడ ఆ వింత వస్తువు లాక్కుని, తన సామానంతా అందులో వేసుకుని భుజాన తగిలించుకుంది. "నాకు తలూపినందుకు, దిగేదాకా ఇది నా దగ్గరే," అంది.

బాపట్ల చేరేసరికి పదకొండూ ఇరవై. ఆవిడ దిగి గబగబా మేళా హాల్లోకే నడిచింది. "మేడం, నా శాలువా!" అని అరుస్తూ నవ్య వెనకే దూరింది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. "సుజన మేడం వచ్చేశారు!" ఆవిడ తిన్నగా వెళ్ళి ఎంపిక టేబుల్ వెనక కుర్చీలో కూర్చుంది.

నవ్య వెళ్ళి టేబుల్ ముందు నిలబడింది.

"పేరు?"

"నవ్య అండి."

"ఏం తెచ్చావ్?"

"మీ భుజానే ఉందండి."

సుజన సంచి దించి, ఒక్కొక్కటీ బయట పెట్టింది. ఫైళ్ళు, గొడుగు, టిఫిన్ బాక్సు, బత్తాయిలు. తర్వాత ముడులన్నీ లాగి లాగి చూసింది.

"అప్లికేషన్‌లో శాలువా అని రాశావు."

"పొద్దున శాలువానేనండి."

"ఆ రోడ్డు మీద ఇంత బరువు మోసింది, ఒక్క ముడి జారలేదు. భుజం కూడా ఒరుసుకోలేదు. ఈ ఎండల్లో పనికొచ్చే ఉన్ని వస్తువు నేను చూడ్డం ఇదే మొదలు. మేళాకి నలభై తేగలవా?"

 "తెస్తానండి. కానీ ముడులు నావి కాదండి. బయట బాబాయ్, పిన్ని ఉన్నారు, వాళ్ళవి."

"అయితే స్టాల్‌కి ముగ్గురి పేర్లూ రాయి. ఇంకో మాట. నా కోపం పోలేదు. స్టాల్ వేరు, కోపం వేరు."

నవ్య వీరరాఘవయ్యకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. "గ్రైండర్ టోపీ కూడా ఉతికి పెట్టమంటావా, స్టాల్లో పెట్టడానికి?" అన్నాడాయన. నవ్య ఆ సంతోషంలో బస్టాండు బెంచీ మీదే గంగయ్యకీ పేరంటాలుకీ రెండు జతల సూదులిచ్చి, ముడి లేని అల్లిక నేర్పి, రూలు కూడా చెప్పి, తెనాలి రైలెక్కింది. ఈసారి ముగ్గుర్ని అడిగి మరీ ఎక్కింది.

సాయంత్రం పేరంటాలు ఫోన్ చేసింది. "అమ్మాయ్, మేం పొన్నూరులో ఉన్నాం."

"అదేంటి పిన్నీ, మీరెళ్ళాల్సింది రేపల్లె కదా?"

"కండక్టరు పొన్నూరేనా అంటే మీ బాబాయి తలూపాడు."

"మరి మీరు చూసుకోలేదా?"

 అవతల నుంచి పేరంటాలు గొంతు సన్నగా, "నలభై ఒకటి, నలభై రెండు" అని మాత్రం వినపడింది.

వరస అయ్యేదాకా నవ్య ఫోన్ పట్టుకుని ఆగింది.