రోహిణి నిమిషాల సంరక్షణ

1994 డిసెంబరులో జరిగిన బాస్కెట్‌బాల్ ఫైనల్లో భిలాయిలోని ఒక మహిళా కళాశాల తన మేటి క్రీడాకారిణి రోహిణిని, చెమటచుక్క ఒలకకుండా, చెక్కు చెదరకుండా కాపాడుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కప్పు మాత్రం రాయపూర్ జట్టు పట్టుకుపోయింది.

రోహిణి అక్కడి ఖుర్సీపార్ కార్మికవాడ పిల్ల. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపే త్రినాథరావు కూతురు. ఆమె ఆడితే జట్టు గెలిచేది, ఆడకపోతే ఓడేది. ఇంత విలువైనదాన్ని వాడటం వివేకమేనా అన్న ప్రశ్న, సెమీఫైనల్లో ఆమె మడమ కాస్త బెణికిన నాడు ఉదయించింది. మర్నాటికి ఆమె సంరక్షణకు కళాశాలలో ఉపసంఘం వెలిసింది. అధ్యక్షులు రామమోహనరావు గారు కర్మాగారంలో యంత్రాల మరమ్మతు ఇంజనీరు. జన్మలో బంతి ముట్టని నిష్పాక్షికులు.

"యంత్రం చెడ్డాక ఆపేవాడు మెకానిక్కు. చెడకముందే ఆపేవాడు ఇంజనీరు" అని వారు ప్రసంగించారు. నలభై నిమిషాల ఆటలో రోహిణికి చివరి ఎనిమిది నిమిషాలు మంజూరయ్యాయి. చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. ఆ రెండూ ఆమె వాటాలోంచే తగ్గించారు.

ఫైనల్ చూడటానికి రైల్వే సెలెక్టరు వచ్చారు. ఆట నచ్చితే రోహిణికి ఉద్యోగం ఖాయం. కనుక జాగ్రత్త ఇంకా పెంచారు. రామమోహనరావు గారు ఆమె కూర్చున్న బెంచీకి కర్మాగారపు ఎర్ర ట్యాగు స్వహస్తాలతో కట్టారు: "మరమ్మతులో ఉన్నది. నడపరాదు." విజయం తప్పదన్న నమ్మకంతో, దండలు తేవడానికి స్కూటరెక్కి బయలుదేరారు.

ఆ ట్యాగుకొక ధర్మముంది. కట్టినవాడే విప్పాలి. ఇంకొకరు విప్పితే యంత్రం కదిలి, లోపల పనిచేసేవాడి ప్రాణాలు పోతాయని భిలాయిలో పసిపిల్లలకూ తెలుసు.

ఆరు నిమిషాలు మిగిలాయి. అయిదు పాయింట్లు వెనకబడ్డారు. కోచ్ మురళీధర్ రమ్మని చెయ్యి ఊపాడు. ట్యాగు చూసి, ఊపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అతడూ కర్మాగారం ఉద్యోగే.

రోహిణి తల్లి జోగమ్మ గుంపును తోసుకొచ్చింది.

"ఏటి బాబూ, మా పిల్లని ఆడించడానికి తెచ్చినారా, దిష్టిబొమ్మలాగ కూకోబెట్టడానికి తెచ్చినారా?"

"ట్యాగుంది కదే," అన్నాడు వెనకే వచ్చిన త్రినాథరావు.

"నువ్వు ఇప్పీరాదేటి?"

"ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఒకడు కట్టింది ఒకడు ఇప్పితే ఏటవుద్దో నీకేటి తెలుసు?"

రోహిణి సగం లేచి నిలబడింది. "నాన్నా, నేను మోటర్‌నా క్యా?"

తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అదిమాడు. "రూలు అందరికీ ఒకటేనమ్మా. కూకో."

చుట్టూ ఉన్నవి కర్మాగారపు కుటుంబాలే. ఆ తండ్రి క్రమశిక్షణకు అందరూ తలలూపారు. ఒక్క పాయింటు తేడాతో ఓడారు. రొప్పుతూ, మోకాలు దోక్కుపోయి ఉన్న రాయపూర్ అమ్మాయి పేరు సెలెక్టరు రాసుకుని బండెక్కారు.

దండలతో తిరిగొచ్చిన రామమోహనరావు గారు ట్యాగును శాస్త్రోక్తంగా విప్పి, తేదీ వేసి, సంతకం చేసి, "ప్రమాదాలు శూన్యం" అని ప్రకటించారు. దానినే రోహిణికి జ్ఞాపికగా బహూకరించారు.

రోహిణి దాన్ని ఇంట్లో షోకేసుకు కట్టింది. లోపల జోగమ్మ పదకొండేళ్ల కిందట కొన్న పూల కప్పులు, గొప్పవాళ్ల రాక కోసం, ఒక్క గుక్క టీ ఎరుగక మెరుస్తున్నాయి. వచ్చిపోయే వారెవరికీ ఆ ట్యాగు అక్కడ ఉండటంలో వింతేమీ తోచలేదు. మీరు వెళ్లినా టీ స్టీలు గ్లాసులోనే ఇస్తారు. మీ ఇంట్లో మాకు ఇచ్చినట్టే.