రాళ్ళబుగ్గలో వేణ్నీళ్ళ పొదుపు

"వేణ్నీళ్ళను అదుపులో పెట్టుకోలేని మనిషి మనసును అదుపులో పెట్టుకోలేడు. మనసు అదుపులో లేనివాడు దేశానికి భారం" అని మా ఎమ్మెల్యే హనుమంతరాయుడు గారు మా మండల కేంద్రం యాడికి బస్టాండులో సెలవిచ్చినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. స్టేజీ నా జిరాక్సు షాపు ముందే కట్టారు కాబట్టి ఉండక తప్పలేదు.

ఆ రోజు 'గృహ ఉష్ణజల నియంత్రణ మిషన్' ప్రారంభమైంది. ప్రతి గీజర్‌కూ ఒక టైమరు పెడతారు. పొద్దున అయిదింటికి ఆన్, ఆరింటికి ఆఫ్. మిగిలిన కరెంటు దేశానికి. జిల్లా మొత్తం మీద వేణ్నీళ్ళను అత్యంత దుబారాగా వాడుతున్న ఊరు మన రాళ్ళబుగ్గేనని వారు బాధతో ప్రకటించారు. రెండువందల పన్నెండు ఇళ్ళు, ఇరవై నాలుగు గంటలూ వేణ్నీళ్ళు! రాళ్ళబుగ్గ వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. వాళ్ళ ఊరు ఏదో ఒకదాంట్లో ఫస్టు రావడం అదే మొదలు.

రాళ్ళబుగ్గలో గీజర్లేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ సర్వే కాగితాలు నా షాపులోనే జిరాక్సు తీశారు, అందువల్ల తీరిపోయింది.

అంతకుముందు ఏప్రిల్‌లోనే మిషన్ కోఆర్డినేటర్ జయచంద్ర గారు ట్యాబ్లెట్ పట్టుకుని స్వయంగా ఊళ్ళోకి వెళ్ళారు. రెండు డిగ్రీలు చేసిన మనిషి. మొదట తిప్పమ్మ ఇంటి ముందు ఆగి అడిగారు.

"అమ్మా, మీకు వేణ్నీళ్ళు రోజుకు ఎన్ని గంటలు వస్తాయి?"

"రోజంతా వస్తాయప్పా. పగలు చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాది. రేత్రి తొమ్మిదైనా సల్లారవు."

"ఎక్కడ కాగుతాయి?"

"అద్దో, వీధి చివర నల్ల ట్యాంకు ఉండాదే, దాంట్లోనే."

"ఆఫ్ చేసే ఏర్పాటు లేదా?"

తిప్పమ్మ నెత్తిన కొంగు సర్దుకుని ఎండ వైపు చూసింది. "మా చేతిలో యాడుండాదప్పా!"

'నియంత్రణ పరికరం లేదు' అని జయచంద్ర గారు నోట్ చేసుకున్నారు. అందరూ ఇదే జవాబు చెప్పారు. మా ఎండల సంగతి రాసుకోవడానికి ఆ ట్యాబ్లెట్‌లో కాలమ్ లేదు. ఇంటికి రెండువేల వాట్ల చొప్పున లెక్కేస్తే దుబారా రోజుకు పదివేల నూట డెబ్బయ్యారు యూనిట్లని తేలింది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ అంత మోయలేదని లైన్‌మన్ మారుతి అన్నాడు. అతనికి టెక్నాలజీ తెలియదని సర్దిచెప్పారు.

మే నెలలో ఆ ట్యాంకుకు నీళ్ళెక్కించే బోరు మోటారు కాలిపోయింది.

మర్నాడే రాళ్ళబుగ్గ నుంచి జుబేదాబీ నా షాపుకు వచ్చింది. ఊరూరూ తిరిగి గాజులమ్ముతుంది. అర్జీలు రాయించుకునేవాళ్ళకు నేనే దిక్కు.

"సుంకన్నా, మోటారు చేయించమని గట్టిగా రాయి. నా కోడలు ఆరీఫాకు అయిదో నెల. రంగన్న తోట బోరుకాడి నుంచి మైలు దూరం కడవలు మోస్తాంది. పురుడయ్యేలోపల నీళ్ళు రావల్ల."

గట్టిగానే రాశాను. 'మా వీధి ట్యాంకులో చుక్క నీరు లేదు' అని మొదలుపెట్టి నలభై మంది ఆడవాళ్ళ వేలిముద్రలు వేయించాం. మోటారుకు ఫండు లేదన్నారు. నెలకొకటి చొప్పున మొదలై, ఆమె ఓపిక తగ్గేకొద్దీ పదిహేను రోజులకొకటి చొప్పున, మొత్తం ఏడు అర్జీలు పోయాయి.

మోటారుకు లేని ఫండు టైమర్లకు ఉంది. జూన్‌లో రెండువందల పన్నెండు టైమర్లు లారీలో దిగాయి.

"సార్, దీన్ని దేనికి తగిలించల్ల?" అని జుబేదాబీ జయచంద్ర గారిని అడిగింది.

"గీజర్‌కమ్మా."

"గీజర్ ఎప్పుడిస్తారు?"

"అది వేరే డిపార్టుమెంటు."

"మోటారు?"

"అది మరీ వేరే."

ఆలస్యం చేస్తే టార్గెట్ దెబ్బతింటుందని టైమర్లన్నీ గోడలకే కొట్టించి, ఒక్కోదానికీ ఫోటో తీశారు. తిప్పమ్మ తన టైమరుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. జుబేదాబీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మేకుకు గాజుల సంచి వేలాడుతోంది. సంచి తీసి టైమరు తగిలించారు. వాళ్ళు వెళ్ళాక ఆమె టైమరుకు సంచి తగిలించింది.

ఆగస్టులో ఫలితాల సర్వే. జయచంద్ర గారు మళ్ళీ తిప్పమ్మ ఇంటి ముందే ఆగారు.

"ఇప్పుడు వేణ్నీళ్ళు ఎన్ని గంటలు వస్తున్నాయమ్మా?"

"యాడొచ్చేదప్పా, చుక్క ల్యా."

"ఒక్క గంట కూడానా?"

"ఒక్క నిమిషం గూడా. మే నెల నుంచి ఇదే గతి."

జయచంద్ర గారి కళ్ళు చెమర్చాయి. నూటికి నూరు శాతం పొదుపు! టైమర్లు వచ్చింది జూన్‌లో, పొదుపు మొదలైంది మేలో. ఈ చిన్న చిక్కును కూడా వారు విడదీశారు. 'పథకం గురించి విన్నంతనే ప్రజల్లో చైతన్యం వెల్లివిరిసింది' అని రాశారు.

పైవాళ్ళు రుజువులు అడిగారట. ఒక మధ్యాహ్నం జయచంద్ర గారు నా షాపుకొచ్చి, "రాళ్ళబుగ్గ వాళ్ళు అర్జీలేవో పెట్టారట, కాపీలున్నాయా?" అన్నారు. నాకు పట్టరాని సంతోషమైంది. ఇన్నాళ్ళకు అర్జీలు అడిగిన ఆఫీసరు దొరికాడు! ఏడింటినీ పన్నెండు సెట్లు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి, ఆకుపచ్చ అట్ట నా తరఫున ఉచితంగా వేశాను. అవి పోయి రిపోర్టులో నాలుగో అనుబంధంగా కూర్చున్నాయి. 'చుక్క వేడినీరు కూడా వాడడం లేదని మహిళల స్వయం ధ్రువీకరణ' అని దానికి పేరు. చెప్పుకోకూడదు గానీ, తెలిసిన రోజు సిగ్గుతో షాపు మధ్యాహ్నమే మూసేశాను.

పొదుపు చేసినందుకు ఊరికి షీల్డు వచ్చింది. ఇవ్వడానికి ఎమ్మెల్యే గారే రాళ్ళబుగ్గకు వచ్చారు. ఆరీఫాకు ఆడబిడ్డ పుట్టి అప్పటికి ముప్పై నాలుగు రోజులు. జుబేదాబీ మనవరాలిని ఎత్తుకుని తిన్నగా స్టేజీ ఎక్కింది.

"అయ్యా, వచ్చే బుధవారం నా కోడలికి నలభయ్యోదినం. బాలింతకూ బిడ్డకూ వేణ్నీళ్ళు తలారా పొయ్యల్ల. ఆ మోటారొకటి చేయించండి, మీ కడుపు సల్లగుండ."

ఎమ్మెల్యే గారు జయచంద్ర గారి వైపు చూశారు. ఆయన చెవిలో చెప్పినా మైకు ఆఫ్ చేయలేదు కాబట్టి అందరికీ వినిపించింది.

"మోటారు నడిస్తే ట్యాంకు నిండుతుంది సార్. నిండితే వేణ్నీళ్ళు. మళ్ళీ రోజుకు పదివేల యూనిట్లు. షీల్డు వెనక్కి తీసుకుంటారు."

ఎమ్మెల్యే గారు చలించిపోయారు. "అమ్మా, ఇంత కష్టపడి సాధించుకున్నదాన్ని చేతులారా పోగొట్టుకుంటారా? నేనుండగా ఆ మోటారును ఎవరూ ముట్టుకోలేరు. ఇది నా హామీ!"

ముందు వరసలో చప్పట్లు మోగాయి. జుబేదాబీ కొట్టలేదు. ఆమె చేతుల్లో బిడ్డ ఉంది.

సోమవారం పొద్దున్నే ఆమె నా షాపు ముందు నిలబడింది.

"అన్నా, ఇంకోటి రాయి."

"నీళ్ళు లేవనేనా?"

"లేవని రాసినందుకే గదప్పా షీల్డు ఇచ్చిండేది. ఈ తూరి ఉండాయని రాయి."

నేను పెన్ను మూత తీశాను. ఆమె తాపీగా చెప్పుకుపోయింది. "రాళ్ళబుగ్గలో రోజంతా వేణ్నీళ్ళు వస్తాండాయి. టైమర్లు పీకి పారేసినారు. కరెంటు దుబారా చేస్తాండారు. బుధవారం మరీ ఎక్కువగా చేస్తారని తెలిసింది. వచ్చి పట్టుకోండి."

"కింద ఎవరి పేరు?"

"నీది వద్దు, నాది వద్దు."

ఆకాశరామన్న పేరుతో పంపించాను. ఏడు అర్జీలకు కదలని చక్రాలు ఒక్క ఫిర్యాదుకు కదిలాయి. బుధవారం పదిగంటలకల్లా రెండు జీపుల్లో జయచంద్ర గారు చెమటలు కక్కుకుంటూ దిగారు. వెంట ఆరుగురు స్టాఫు, తాడు కట్టిన ఒక థర్మామీటరు. చూద్దామని నేనూ షాపు మూసి వచ్చాను.

నిచ్చెనేసి ట్యాంకు మూత తీస్తే లోపల ఎండిన నాచు తప్ప ఏమీ లేదు.

"ఫిర్యాదు అబద్ధమని రాసేద్దామా సార్?" అన్నాడు స్టాఫులో ఒకడు.

"ఎలా రాస్తావయ్యా? నిబంధన ప్రకారం నిండు ట్యాంకు మీదే పరీక్ష చెయ్యాలి. ఖాళీ ట్యాంకులో థర్మామీటరు ముంచామంటే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?" అని జయచంద్ర గారు ఫోను తీశారు.

పన్నెండింటికి తాడిపత్రి నుంచి ట్యాంకరొచ్చింది. అయిదువేల లీటర్లు పైకెక్కాయి. వేడెక్కుతాయో లేదో రెండు గంటలు ఆగి చూడాలని రూలు. వారు జీపులో ఏసీ వేసుకుని కునుకు తీశారు.

ఎవరూ ఎవరినీ పిలవలేదు. ట్యాంకు కింది నాలుగు కొళాయిల దగ్గరికి బిందెలు, కడవలు, బకెట్లు, పెళ్ళిళ్ళకు వాడే గంగాళాలు కూడా వచ్చాయి. మామూలు రోజుల్లో వరస కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు ఆ రోజు చప్పుడు చేయకుండా నీళ్ళు పట్టుకున్నారు. ఒక గంగాళానికి మూత చాలకపోతే తిప్పమ్మ పోయి షీల్డు తెచ్చి బోర్లించింది.

రెండుంపావుకు జయచంద్ర గారు నిచ్చెనెక్కి థర్మామీటరు వదిలారు. అది అడుగుకు తగిలి ఠంగుమంది. వారు ఒక నిమిషం లోపలికి చూసి, తర్వాత చిరునవ్వుతో పుస్తకం తీసి 'వేణ్నీళ్ళు: నిల్' అని రాసుకున్నారు.

"మీ ఊరి మీద ఎవరో కుట్ర చేశారమ్మా. ఏం భయపడకండి, షీల్డు ఎక్కడికీ పోదు" అన్నారు దిగివచ్చి.

జుబేదాబీ మోచేతుల దాకా తడిసి ఉంది. ఆమె ఇంట్లో నుంచి, తలమీద నీళ్ళు పడుతున్న చంటిబిడ్డ ఏడుపు వీధంతా వినిపిస్తోంది.

"సంతోషం సార్. ఆ కుట్ర చేసేటోళ్ళు ఊరికే ఉండేరకం కాదు, మళ్ళా బుధవారం గూడా చేస్తారు. ఈ తూరి ట్యాంకరును మీ ఎనకాలే పిల్చుకోని రండి, ఊరికే పొద్దు పోతాది."

వారు డైరీలో రాసుకున్నారు. నేను షాపుకు వచ్చి కొత్త తెల్లకాగితాల కట్ట విప్పాను.