నవ్వని పెళ్ళికూతురికి వీసా లేదు

లోకంలో కాపురాలు ప్రేమ మీద నిలబడుతున్నాయనీ, సర్దుకుపోవడం మీద నిలబడుతున్నాయనీ నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. కాపురాన్ని నిలబెట్టేది వీసా దరఖాస్తు! నలభై ఏళ్ళుగా ఇంగ్లండులో, ఈ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంటూ, మిల్లు మూతపడ్డ నాటి నుంచి మా వీధి మొత్తానికీ ఫారాలు నింపిపెడుతున్నవాణ్ణి. ఊరికే అనడం లేదు.

మీరే చెప్పండి. పెళ్ళాం పక్కగదిలో ఉన్న మగాడెవడైనా ఆమెతో ఏడాదిలో మూడువందల రోజులు మాట్లాడానని సాక్ష్యం చూపించగలడా? నా పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మా ఆవిడ నసీమ్‌కీ నాకూ నడిచిన రాతకోతలన్నీ పోగేస్తే ‘పాలు తెండి’, ‘తెచ్చాను’ అని అరపేజీ దాటదు. ఇవాళ ఆవిడ కోసం వీసా అడిగానా, మీ కాపురం నమ్మేట్టుగా లేదని కాగితం మొహాన కొడతారు. కొట్టడం న్యాయమే కూడానూ.

అదే మా ఎదురింటి తసవ్వర్‌ను చూడండి. బస్సు డ్రైవరు. పుట్టిందీ, పెరిగిందీ, బడి ఎగ్గొట్టిందీ అన్నీ ఈ ఊళ్ళోనే. పాకిస్తాన్ వైపు మీర్‌పూర్ దగ్గర దద్యాల్‌లో ఉన్న మేనమామ కూతురు షుమైలాను చేసుకున్నాడు. నెల తిరక్కుండా డ్యూటీకి వచ్చేశాడు. ఇక చూడాలి వాడి మాటలు! ఏ మలుపులో బస్సు ఇరుక్కుందో, ఏ ముసలమ్మ చిల్లర కోసం తిట్టిందో, డిపోలో సమోసా ఎంత చల్లారిపోయిందో అన్నీ ఫోన్లో రాసి పంపేవాడు. ఆమె అన్నిటికీ జవాబిచ్చేది. వీసాకు సాక్ష్యంగా అచ్చు తీయిస్తే నాలుగువందల పన్నెండు పేజీలైంది. మొత్తం చదివాను. ఉద్యోగధర్మం, మీరలా చూడకండి. వీసా అనేదే లేకపోతే ఈ కుర్రాడు కట్టుకున్నదానితో నాలుగు పేజీలైనా మాట్లాడేవాడా?

ఇంగ్లీషు పరీక్ష సంగతి చూద్దాం. షుమైలా ఆడపిల్లల బళ్ళో సైన్సు చెబుతుంది, అదీ ఇంగ్లీషులో. ఆకులు ఎండను ఎలా వండుకు తింటాయో గంటసేపు వివరించగలదు. ఆమెను ఇస్లామాబాద్ దాకా రప్పించి, మీకు ఏ పండు ఇష్టమని అడిగారు. మామిడిపండు అంది. పాసైంది. వృథా ప్రయాసంటారా? అప్పటిదాకా తన భార్యకు ఏ పండు ఇష్టమో తసవ్వర్‌కే తెలీదు!

ఆ పైన పెళ్ళి ఫోటోలు. ఇక్కడ నా ఘనత కొంత చెప్పుకోవాలి.

మాలో పెళ్ళికూతురు నవ్వదు. తల వంచుకుని, కళ్ళు దించుకుని కూర్చుంటుంది. కన్నవాళ్ళను వదిలిపోతూ పళ్ళికిలించిందంటే మూడూళ్ళు చెవులు కొరుక్కుంటాయి. తసవ్వర్ తెచ్చిన ఆరువందల ఫోటోల్లో ఓ ఐదారింట్లో ఈ పిల్ల వాడేదో అన్నందుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వాటిని తీసి పక్కన పెట్టాను. అవి కూడా పంపండి, ముచ్చటగా ఉన్నాయి అని నసీమ్ గొణిగింది. పరాయి ఆఫీసరు చూసే కాగితాల్లో మన పిల్ల పరువు మన చేతిలో ఉంటుందని కోప్పడ్డాను. పన్నెండు ఏరాను. పన్నెండింటిలోనూ దించిన తలే. అందులో బాగా ఏడుస్తున్న ఫోటోను అన్నిటికంటే పైన పెట్టాను.

ఏడు నెలలకు జవాబొచ్చింది. దరఖాస్తుదారు ఒక్క చిత్రంలోనూ సంతోషంగా కనిపించడం లేదట. ఈ పెళ్ళి ఆమెకు ఇష్టమేనా అన్నది అనుమానమట. తిరస్కరించడమైనది!

ఆ ఏడు నెలల మధ్యలోనే షుమైలాకు ఆడపిల్ల పుట్టింది. మహ్‌రుఖ్. తండ్రి ఇక్కడ పుట్టాడు కాబట్టి ఆ పసిది పుట్టుకతోనే బ్రిటిష్ పౌరురాలు. పళ్ళు లేని నోటితో పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. అంటే మెడ నిలపలేనిది రావచ్చు, దాన్ని ఎత్తుకునే తల్లి రాకూడదు. ఇదేమిటని ఉత్తరం రాయిస్తే ఎంత మర్యాదగా జవాబిచ్చారో! పాపను తండ్రి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, తల్లితో అనుబంధం ఆధునిక సాధనాల ద్వారా కొనసాగించుకోవచ్చు అన్నారు. ఎంత విశాల హృదయం! పాలు కూడా ఆ సాధనాల్లోంచే వస్తే ఇక లోటేముంది?

ఆ సాయంత్రం తసవ్వర్ మా ఇంటికొచ్చాడు. అరవలేదు. యూనిఫారం కూడా మార్చకుండా నా ఎదురుగా కూర్చుని ఒక్క మాటన్నాడు.

“ఆ రోజు తను నవ్వింది చాచా. మీరే తీసేశారు.”

 నసీమ్ వాడికి టీ తెచ్చింది, నాకు తేలేదు.

రెండో ఫైలు మొదలుపెట్టాం. తసవ్వర్ రెండు వారాలు సెలవు పెట్టి వెళ్ళాడు, పిల్లను మొదటిసారి ఎత్తుకున్నాడు. తిరిగి బయల్దేరే ముందురోజు వాళ్ళ వాకిట్లో ముగ్గుర్నీ నిలబెట్టి ఫోటో తీయించాను. నేనిక్కణ్ణుంచి ఫోన్లోనే పెత్తనం. అమ్మాయ్, పళ్ళు కనబడాలి అన్నాను.

“రేపు పొద్దున ఈయన వెళ్ళిపోతుంటే దేన్ని చూసి నవ్వమంటారు చాచా?” అంది షుమైలా.

“ఆఫీసరును చూసి నవ్వమ్మా.”

నవ్వింది. టూత్‌పేస్టు ప్రకటనకు పంపినా ఎంపికయ్యేది. ఆ ఫైలు మొత్తంలో అబద్ధం అదొక్కటే. నాలుగువందల పన్నెండు పేజీల నిజం నమ్మనివాళ్ళు దాన్ని నమ్మారు. ఎదురుచూడగా చూడగా వీసా వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదూ? ఇంకా ముందుంది. ఇక్కడే ఉండిపోవాలన్నా, పౌరసత్వం కావాలన్నా ఈ దేశపు చరిత్ర బట్టీపట్టి పరీక్ష రాయాలి. ఎనిమిదో హెన్రీ రాజుగారి ఆరుగురు భార్యల గురించి షుమైలాకు ఇప్పట్నుంచే చెబుతున్నాను. అందులో ఒకావిణ్ణి ఆయన గీయించిన బొమ్మ చూసి నచ్చి, సముద్రం దాటించి రప్పించుకున్నాడు. తీరా వచ్చాక మనిషి నచ్చలేదు. బొమ్మలంటే ఈ ప్రభుత్వానికి అంత పట్టింపు ఎందుకో నాకప్పుడు బోధపడింది.

మొన్న ఆదివారం మాంచెస్టర్ విమానాశ్రయానికి వెళ్ళాం. మహ్‌రుఖ్‌కు ఏడాదిన్నర నిండింది. వాళ్ళమ్మ వేలు పట్టుకుని నడిచొచ్చింది. షుమైలా జనంలో తసవ్వర్‌ను చూసింది. చూసి, సామాన్ల బండి వదిలేసి, అక్కడే నిలబడి భోరుమంది. ఏం మాట్లాడాలో తెలీక తసవ్వర్ ఆమె చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చాడు. ఇద్దర్నీ చూసి పిల్ల కూడా అందుకుంది. నేను ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాను.

ఇన్నేళ్ళలో ఎన్ని ఫైళ్ళకు ఎన్ని వేల ఫోటోలు ఏరానో లెక్కలేదు. ఇష్టపడి కట్టుకున్నవాళ్ళు ఎలా ఉంటారో చూపించే ఫోటో ఇదొక్కటే దొరికింది. ఇంటికొచ్చి నసీమ్‌కు చూపించాను. చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

తర్వాత దాన్ని ఫోన్లోంచి తీసేశాను. వీసాకు వాళ్ళిచ్చిన గడువు రెండేళ్ళ తొమ్మిది నెలలే. అప్పుడు మళ్ళీ కాపురం నిజమేనని రుజువు చేసుకోవాలి.