చారల గులాబీకి డీఎన్‌ఏ పరీక్ష

తాళాల షాపు నడిపే మనిషికి లోకమంతా దొంగలతో నిండి ఉన్నట్టు కనిపించడంలో వింతేమీ లేదు. కానీ ఈ తాళాలాయనకి ఇంట్లో ఉప్పుడబ్బా మూత కాస్త వదులుగా ఉన్నా దాని వెనక ఎవరిదో కుట్ర ఉన్నట్టే అనిపించేది. బయటికి వెళ్లేటప్పుడు తలుపుకి తాళం వేసి, లాగి చూసి, నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కివచ్చి లాగి చూసేవాడు. అందుకే ఆ అపార్టుమెంటులో అందరూ ఆయన్ని చాటుగా 'డబుల్ లాక్' అనుకునేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో కనిపెట్టడానికి మూడేళ్లుగా విచారణ జరుపుతున్నాడు.

పెట్టింది ఆయన భార్య.

ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. పూటకి రెండొందలమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషికి ఇంట్లో ఒక్క మొగుడు ఒక లెక్కలోకి రాడు.

వాళ్ల బాల్కనీలో ఒక ఎర్రగులాబీ మొక్క ఉండేది. ఒకరోజు పొద్దున్నే దాని ఒకే ఒక్క కొమ్మకి, ఎరుపు మీద తెల్లటి చారలతో పువ్వు పూసింది. మిగతా కొమ్మలన్నింటికీ మామూలు ఎరుపే. డబుల్ లాక్ చాలాసేపు చూసి, తడిగుడ్డ తెచ్చి రేకుల్ని తుడిచాడు.

"ఏవోయ్, ఎవరో మన పువ్వుకి సున్నం పూశారు."

"పువ్వుకి సున్నం పూసేంత తీరిక ఎవరికుందండీ, మీకు తప్ప?" అంటూ ఆవిడ వచ్చి చూసింది. చూసి, క్లాసులో లాగా కళ్లు మెరిపించింది. "ఆ కొమ్మ చిగురించేటప్పుడు ఏదో ఒక కణంలో డీఎన్‌ఏ కాపీ అవుతూ చిన్న తప్పు పడింది. ఆ కణం నుంచి పెరిగిన కొమ్మంతటికీ ఆ తప్పే వచ్చింది. దీన్ని ఉత్పరివర్తన అంటారు."

"నాలో రావాలని నువ్వు రోజూ కోరుకుంటావే, అదేనా?"

"అది పరివర్తన. దాని మీద ఆశ వదులుకుని చాలాకాలమైంది."

ఆ మాట ఆయన వినిపించుకోలేదు. అంత ఊళ్లో ఎక్కడా లేని పువ్వు తన బాల్కనీలో పూసిందన్న సంగతి అప్పుడే తలకెక్కుతోంది. చలికాలంలో పూలప్రదర్శన ఉంది. మొదటి బహుమతి ఖాయం.

"దీని విత్తనం వేస్తే ఇలాంటివే పూస్తాయా?"

"చెప్పలేం. విత్తనంలో సగం తల్లిమొక్కది, సగం తండ్రిమొక్కది. చారలు రావచ్చు, రాకపోవచ్చు. కొమ్మ కత్తిరించి నాటితే మాత్రం అచ్చం ఇదే."

డబుల్ లాక్ మొహం పాలిపోయింది. "అంటే ఎవడో వచ్చి ఒక్క కొమ్మ విరుచుకుపోతే చాలా!"

ఆరోజు సాయంత్రానికల్లా ఇనప జాలీతో బోను తయారైంది. ఎర్ర కొమ్మల్ని నరికేసి, చారల కొమ్మనొక్కదాన్నే ఉంచి, మొక్కని బోనులో పెట్టి, పైనొక తాళం, కిందొక తాళం బిగించాడు. చూపరుల కళ్లు పడకుండా నల్లగుడ్డ కప్పాడు. పొద్దున ఒక గంట గుడ్డ తీసి, ఆకులు లెక్కపెట్టి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఒకరోజు ఒక ఆకు తగ్గితే భార్య చేతిసంచీ వెతికాడు.

"నన్ను కూడా అనుమానిస్తున్నారా?"

"ముందు నీ మీద అనుమానం తీరాకే కదా మిగతావాళ్ల మీదకి వెళ్లాలి!"

ఇంతలో వేరే ఊళ్లో కొత్తగా కట్టిన హాస్టలుకి నూట ఇరవై తాళాలు బిగించే పని వచ్చింది. మూడు వారాలు. మొక్కకి నీళ్లు పొయ్యాలంటే తాళంచెవులు భార్యకివ్వాలి. ఇస్తే ఇంకేముంది? అందుకని ఒక సీసాకి చిల్లుపెట్టి, బోనులో తలకిందులుగా వేలాడదీసి, చుక్కచుక్క నీళ్లు పడే ఏర్పాటు చేసుకుని, చెవులు రెండూ మొలతాడుకి కట్టుకుని వెళ్లాడు.

తిరిగొచ్చాక బోను తెరిచి చూస్తే మొక్క పచ్చగానే ఉంది. కాస్త చిక్కినట్టుంది, అంతే.

"నా మీద బెంగపెట్టుకుంది పాపం," అన్నాడు దాని ఆకులు నిమురుతూ.

"చాలా బెంగపెట్టుకుంది," అంది ఆవిడ. తర్వాత ఎందుకో దగ్గింది.

ఆ దగ్గు సంగతి ఆయనకి రెండు నెలల తర్వాత గుర్తొచ్చింది. ఒక ఆదివారం బాల్కనీలో నిలబడి పళ్లు తోముకుంటూ యథాలాపంగా పక్కకి చూస్తే, పిట్టగోడకి అవతల ఎరుపు మీద తెల్లచారలతో ఒక గులాబీ ఆయన వంకే చూస్తోంది. పేస్టు నురగ గొంతులోకి జారి ఆయన కూడా దగ్గాడు.

పక్కింట్లో ఉండేది రిటైరైన రైలు గార్డు. ఎవరు ఏమడిగినా 'అలాగే' అనడం తప్ప ఎరగని మనిషి కాబట్టి ఆయన్ని అందరూ 'పచ్చజెండా' అనేవారు. అన్నిటికీ అలాగే అనే మనుషుల్ని డబుల్ లాక్ మొదటినుంచీ నమ్మేవాడు కాదు.

"పచ్చజెండా బాల్కనీలో ఏం పూసిందో చూశావా?" అన్నాడు వంటింట్లోకి వచ్చి.

"చూశాను. బాగుంది."

"బాగుందా! అది మన పువ్వు!"

"మన పువ్వు మన బోనులోనే ఉందిగా."

"అచ్చం అలాంటిదే అక్కడెలా పూసింది?"

"వాళ్ల మొక్కకీ ఉత్పరివర్తన వచ్చిందేమో."

"అలాంటిది ఎప్పుడో లక్షకొకటి అని నువ్వే కదా చెప్పావు?"

"అది మాత్రం బాగా గుర్తుంది. కూరగాయలు తెమ్మన్నది గుర్తుండదు."

మాట మార్చింది! డబుల్ లాక్ అనుమానం మూరెడు పెరిగింది. కత్తెర ఉండాల్సిన సొరుగులో కాకుండా రెండో సొరుగులో ఉండటం, మెట్ల మీద పచ్చజెండా కనిపించినప్పుడు "మొక్క కులాసానా అమ్మా?" అని అడగడం, ఈవిడ నవ్వడం... అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆయన మనసులో వరసగా కూర్చున్నాయి. కావలసింది సాక్ష్యం.

ఆయన చెల్లెలు మొక్కల పరిశోధనశాలలో పనిచేస్తుంది. స్నానాల గదిలో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఆమెకి ఫోను చేశాడు.

"అన్నయ్యా, వానలో తడుస్తూ మాట్లాడుతున్నావా?"

"గట్టిగా అరవకు. రెండు మొక్కలు ఒకటేనా కాదా అని డీఎన్‌ఏ చూసి చెప్పగలవా?"

"ఆకు పంపిస్తే చెప్తాను."

"ఇంకోటి. మీరు జన్యువులు కోసి అతికిస్తారట కదా. నా మొక్కని ఎవడైనా దొంగిలిస్తే వెంటనే వాడిపోయేలా ఒక జన్యువు ఎక్కించలేవూ?"

"ఒక జీవిలోని జన్యువు ఇంకో జీవిలోకి ఎక్కించడం కుదురుతుంది. దానికి దొంగెవరో దొరెవరో తెలియడం కుదరదు. ముందు ఆకు పంపు."

"మీ వదినకి చెప్పకు."

"ఛఛ, నేనెందుకు చెప్తాను?"

ఆయనకి ధైర్యం వచ్చింది. ఎంతైనా తోడబుట్టింది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే రక్తం. భార్య ఎంత మంచిదైనా బయటినుంచి వచ్చిన మనిషి!

ఇక పక్కింటి ఆకు సంపాదించాలి. మధ్యాహ్నం పచ్చజెండా నిద్రపోయే వేళ చూసి, ముక్కాలిపీట ఎక్కి, పిట్టగోడ మీద పొట్ట ఆనించి, చెయ్యి చాచాడు. ఆకు అందింది. చొక్కా చెయ్యి ముళ్లకి చిక్కుకుంది. లాగబోతే పీట పక్కకి ఒరిగింది. ఆ విధంగా ఆయన సగం తన బాల్కనీలో, సగం పచ్చజెండా బాల్కనీలో వేలాడుతుండగా తలుపు తెరుచుకుంది.

"ఏం బాబూ, ఏం కావాలి?"

"గాలి," అన్నాడు డబుల్ లాక్.

"అటు రావడం లేదా?"

"ఇటు బాగా వస్తోంది గార్డు గారూ."

పచ్చజెండా కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క ముల్లూ ఓపిగ్గా విడదీసి, చొక్కా చిరగకుండా ఆయన్ని విడిపించాడు. పిడికిట్లో ఆకు చూశాడు. "ఒక్కటేనా? ఇదుగో, ఇంకో రెండు తీసుకోండి," అని మంచివి చూసి తుంచి ఇచ్చాడు.

ఆరోజంతా డబుల్ లాక్‌కి అదే దిగులు. అడక్కుండా రెండాకులు ఎక్కువ ఎందుకిచ్చాడు? ఏదో ఉంది!

ఆకుల్ని రెండు కవర్లలో పెట్టి పంపాడు. పదిరోజులు గడిచాయి. ఆ పదిరోజుల్లో భార్య ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం ఆయన నాలుగుసార్లు విన్నాడు. తలుపు దగ్గర చెవి ఆనిస్తే, "కందిపప్పు ధర" అనే మాట వినిపించింది. కందిపప్పు ధరకి అంత నవ్వెందుకు?

ఆదివారం చెల్లెలు రిపోర్టుతో వచ్చింది. డబుల్ లాక్ పచ్చజెండాని టీకి పిలిచాడు. "అలాగే," అని ఆయన వచ్చాడు. నలుగురూ ముందుగదిలో కూర్చున్నాక డబుల్ లాక్ లేచి తలుపు గడియ పెట్టాడు.

"గడియ ఎందుకండీ?" అంది భార్య.

"నిజం బయటికి పోకుండా." చెల్లెలి వైపు తిరిగాడు. "ఊఁ, చెప్పు."

చెల్లెలు ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. నల్లటి కాగితం మీద నిచ్చెనమెట్లలా తెల్లటి గీతలు, పక్కపక్కన రెండు వరసలు. "ఇది మన ఆకు, ఇది గార్డు బాబాయిగారి ఆకు. మొక్కకీ మొక్కకీ ఈ గీతలు మారతాయి. అన్నయ్యా, నువ్వు కవరు నాలుకతో తడిపి అంటించావు కదూ? ఇంకాస్తుంటే నిన్ను కూడా పరీక్ష చేసేదాన్ని. నాన్న ఉత్తరాలు వచ్చినా వాసన చూసి గాని విప్పేవాడు కాదు. ఆ గుణమంతా నీకొచ్చి, నాకు ముక్కొక్కటే వచ్చింది."

"ముక్కు సంగతి తర్వాత! గీతలు?"

"ఒక్కటి కూడా తేడా లేదు. రెండూ ఒకే మొక్క."

డబుల్ లాక్ బల్ల మీద చరిచాడు. టీకప్పులు ఎగిరిపడ్డాయి. "నేను చెప్పలా! కొమ్మ ఎవరిచ్చారు? ఇప్పుడైనా చెప్పు!"

"నేనే ఇచ్చాను," అంది భార్య.

ఆయన బుర్రలో ఇంకా ఇరవై ప్రశ్నలు తయారుగా ఉన్నాయి. ఇంత తొందరగా ఒప్పుకుంటే వాటినేం చెయ్యాలో తెలియలేదు. "ఒప్పుకుంది! విన్నారా? ఒప్పుకుంది!"

"మీరు బోనుకి ఇనప జాలీ తేవడానికి వెళ్లినప్పుడే ఆ చారల కొమ్మలోంచి ఒక రెమ్మ తుంచి ఆయనకిచ్చాను. ఆయన దాన్ని రెండు ముక్కలు చేసి రెండు కుండీల్లో నాటారు."

"ఎందుకిచ్చావు?"

"ఒక్క చోటే ఉంటే, అది పోయిందంటే మొత్తం పోయినట్టే కదండీ. పోయింది కూడా."

"ఏది పోయింది?"

"మీ మొక్క. మీరు హాస్టలు పనికి వెళ్లారా, మీ సీసా రెండోరోజే ఖాళీ. పైన నల్లగుడ్డ, ఎండాకాలం. నేను పదోరోజు గుడ్డ ఎత్తి చూస్తే కట్టెపుల్ల మిగిలింది."

డబుల్ లాక్ మెల్లిగా బాల్కనీ వైపు చూశాడు. "మరి ఆ బోనులో ఉన్నది?"

"మా రెండో కుండీలోది బాబూ," అన్నాడు పచ్చజెండా, తనేదో తప్పు చేసినట్టు. "అమ్మాయి అడిగితే అలాగే అన్నాను."

"ఏది తల్లో ఏది పిల్లో మాత్రం ఈ పరీక్ష చెప్పదు," అంది చెల్లెలు. "అది వదిన చెప్తేనే తెలిసింది."

"నీకు ముందే తెలుసా!"

"నువ్వు ఫోను పెట్టగానే వదినకి చేశాను. అయినా పరీక్ష నిజంగానే చేశాలే. లేకపోతే నన్నూ అనుమానిస్తావు."

"నువ్వు నా రక్తం!"

"రక్తం నీదే అన్నయ్యా. బుర్ర అమ్మది."

డబుల్ లాక్ కుర్చీలో కూలబడ్డాడు. అంతలో ఏదో తట్టి మళ్లీ లేచాడు. "తాళంచెవులు నా మొలతాడుకున్నాయి. బోను ఎలా తెరిచావు?"

"జడపిన్నుతో."

"ఏ తాళం? పైదా, కిందదా?"

"రెండూ. కిందది గట్టిది. పాలు పొంగేంతసేపు పట్టింది."

మొక్క చచ్చిపోయిందన్నప్పుడు కూడా ఆయన మొహం అంత వాడిపోలేదు. ఆ రకం తాళాలే హాస్టలుకి నూట ఇరవై బిగించి వచ్చాడు.

చెల్లెలూ పచ్చజెండా వెళ్లాక భార్యాభర్తలిద్దరే మిగిలారు. ఆయన, "వచ్చినరోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ గొంతులో విచారణ లేదు.

"చెబుదామనే అనుకున్నాను. మీరు భుజాన సంచీ కూడా దించకుండా వెళ్లి దాని పక్కన కూర్చున్నారు. మీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నోరు రాలేదు." కప్పులు తీస్తూ అంది, "ముందే అడిగితే మాత్రం కొమ్మ ఇవ్వనిచ్చేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఇవ్వనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. తర్వాత పక్కింటి తలుపు కొట్టి, "మీదీ ప్రదర్శనకి పెట్టండి గార్డు గారూ," అని చెప్పి వచ్చాడు. ఆయనేమన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ప్రదర్శనలో రెండు కుండీలూ పక్కపక్కనే పెట్టారు. మొదటి బహుమతి పచ్చజెండాకి వచ్చింది. డబుల్ లాక్ కుండీ ముందు 'పాల్గొన్నందుకు ధన్యవాదాలు' అన్న అట్టముక్క పెట్టారు.

పాత గుణం బుస్సున లేచింది. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ దగ్గరికి పరుగెత్తాడు. "ఇదెక్కడి న్యాయమండీ? ఈ రెండూ ఒకే మొక్క! ఒకటే డీఎన్‌ఏ! కావాలంటే చూడండి," అని జేబులోంచి రిపోర్టు తీసి గీతలు చూపించాడు. పదిమంది పోగయ్యారు.

ఆ పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని రిపోర్టంతా నిదానంగా చదివింది. ఒక కుండీలో గుత్తులుగా విరగబూసిన మొక్కనీ, రెండో కుండీలో సన్నగా సాగి రెండే పూలు పూసిన మొక్కనీ మార్చిమార్చి చూసింది.

"మీరన్నది నిజమే. పుట్టుకలో ఒక్క గీత కూడా తేడా లేదు," అంది. "ఇక మిగిలింది పెంచిన మనిషేగా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. భార్య చప్పున అవతలి వరసలోని బంతిపూల మీదికి వంగింది. ఆవిడ భుజాలు కదలడం మాత్రం ఆయనకి కనిపిస్తూనే ఉంది.

డబుల్ లాక్ రిపోర్టు నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకుని, పచ్చజెండా పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

"గార్డు గారూ, దీనికి ఎండ రోజుకి ఎన్ని గంటలు పెడతారు?"

"నేను పెట్టేదేముంది బాబూ? అదే వస్తుంది."