ఒక్కో బట్టకి ఒక్కో ప్రాణం

ఆ శనివారం పొద్దున్నే డెస్లీ హాకెట్ టీ కప్పు పక్కన పెట్టుకుని, ఫోనులో ఒకే ఒక్క వాక్యం రాసి అందరికీ పంపింది. ఏడాదిగా వేధిస్తున్న సమస్య దానితో తీరిపోతుందన్న విషయంలో ఆమెకు సందేహం లేదు. డెస్లీకి అసలు సందేహాలు తక్కువ. ఆస్ట్రేలియాలో టూవూంబా పట్నానికి గంట దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా కర్టెన్ల కొట్టు నడుపుతోంది. ఏ కిటికీకి ఏ గుడ్డ నప్పుతుందో ఇంటివాళ్ళను అడగకుండానే తేల్చేస్తుంది.

సమస్య ఏమిటంటే, ప్రతి శనివారం మధ్యాహ్నం ఊరి పార్కులో ఇరవైమంది పెద్దవాళ్ళు రెండు జట్లుగా చీలి, స్పాంజి చుట్టిన కత్తులతో మధ్యయుగపు యుద్ధం ఆడతారు. దెబ్బ తగిలినవాడు చచ్చినట్టు లెక్క, వెళ్ళి చెట్టు కింద కూర్చోవాలి. వేషాల బాధ్యత డెస్లీది. యోధులు మాత్రం నిక్కర్లలో, ఫుట్‌బాల్ బనియన్లలో, హవాయి చెప్పుల్లో దిగేవారు. వాళ్ళ దళపతి డారిల్ పోకాక్ వృత్తిరీత్యా ప్లంబరు. ఇంత ఎండలో మఖమల్ తొడుక్కోవాలంటే మనిషికి రాజ్యమైనా ఉండాలి, పిచ్చయినా ఉండాలి అని వాదించేవాడు.

అయితే ఈసారి ఊరి వ్యవసాయ ప్రదర్శనలో, ఎద్దుల ఊరేగింపుకు ముందు, పెద్ద మైదానంలో వాళ్ళకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. చూడ్డానికి చరిత్రలా ఉండాలనీ, నిక్కర్లు కనబడితే మళ్ళీ పిలిచేది లేదనీ కమిటీ పెద్ద మెర్వ్ టిలట్సన్ ముందే చెప్పాడు. వేషాలు నవ్వులపాలైతే బాధ్యతే కాదు, కత్తి కూడా వదిలేసి ఆటే మానేస్తానని డెస్లీ అందరి ముందూ మాట ఇచ్చేసింది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి ఆ శనివారాలే.

ఆమె పంపిన వాక్యం ఇది: "వేషానికి ఒక ప్రాణం అదనం." వేషం వేసుకొచ్చినవాడు ఒకసారి దెబ్బ తిన్నా లేచి మళ్ళీ పోరాడవచ్చని ఆమె ఉద్దేశం. డారిల్ దాన్ని తన పద్ధతిలో చదువుకున్నాడు. మధ్యాహ్నానికల్లా పొడుగు చొక్కా మీద చొక్కా, దాని మీద దుప్పటి, తలకు ముసుగు, నడుముకు తాడు, చేతులకు తొడుగులు వేసుకుని దిగాడు.

"ఏడు" అన్నాడు.

"ఏంటి ఏడు?"

"ప్రాణాలు. తొడుగులు రెండూ వేరువేరు, డెస్. కావాలంటే లెక్కపెట్టుకో."

అక్కడే సరిదిద్ది ఉంటే సరిపోయేది. కానీ డారిల్ మోకాళ్ళ దాకా గుడ్డతో కనబడటం ఆమె జన్మలో అదే మొదటిసారి. ఆ దృశ్యాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు. తాడు మాత్రం చెల్లదని చెప్పి ఊరుకుంది. మిగతావన్నీ చెల్లుతాయని అందరికీ అర్థమైపోయింది.

తర్వాత మూడు వారాల్లో కొట్టులో పీలిక మిగల్లేదు. దంత వైద్యుడి దగ్గర పనిచేసే టామ్సిన్ ఆర్ నాలుగు పావడాలు ఒకదాని మీద ఒకటి కట్టుకుని, మొత్తం పదకొండని ప్రకటించింది. ఇంకొకాయన వాళ్ళమ్మ భోజనాల బల్ల మీది గుడ్డను భుజాన వేసుకొచ్చాడు. డెస్లీ గర్వంగా తిరిగింది. తను కుట్టుకున్న నీలం గౌను మాత్రం ఒక్కటే తొడుక్కుంది, మర్యాదకి.

ప్రదర్శన రోజు మార్చి ఎండ మాడ్చేస్తోంది. రెండు గంటలకు యుద్ధం మొదలైంది. రెండుంబావుకి ఎవరూ చావలేదు. రెండున్నరకూ చావలేదు. పడినవాళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు, చెమటలు కక్కుతున్నారు. ఎన్ని ప్రాణాలు పోయాయో మరిచిపోయినవాళ్ళు తమకు అనుకూలంగా గుర్తు తెచ్చుకుంటున్నారు. జనం ఒక్కొక్కరే మాంసం కూరి కాల్చిన పైలు అమ్మే కొట్టువైపు జారుకున్నారు. కడిగి దువ్వి నిలబెట్టిన ఎద్దులు గేటు దగ్గర అసహనంగా కాళ్ళు మారుస్తున్నాయి.

మెర్వ్ టోపీతో విసురుకుంటూ వచ్చాడు. "ఏమ్మా డెస్లీ, వీళ్ళెప్పుడు చస్తారు?"

"చస్తారు మెర్వ్, కంగారు పడకండి."

"నా ఎద్దులు ముందు పోయేలా ఉన్నాయి."

డెస్లీ మైకు అందుకుంది. ఇకనుంచి దెబ్బ తగిలినవాళ్ళు ఒక బట్ట విప్పి కింద పడేయాలని ప్రకటించింది. ఆమె ఆలోచన లెక్క తేలడం గురించే. దాని అర్థం ఏమిటో టామ్సిన్ మొదటి పావడా కంచె దాటి ఎగిరాక గానీ తట్టలేదు.

పైల కోసం వెళ్ళిన జనం పరుగున తిరిగొచ్చారు. ఒక్కో బట్టకి ఈల వేశారు, అంకెలు గట్టిగా లెక్కపెట్టారు. పది నిమిషాల్లో మఖమల్, జరీ అంచులు, అమ్మగారి బల్లగుడ్డ అన్నీ దుమ్ములో గుట్టపడ్డాయి. చచ్చినవాళ్ళంతా నిక్కర్లతో, బనియన్లతో కంచె వెంట వరసగా కూర్చున్నారు. మెర్వ్ టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు. డెస్లీ దుమ్ములోని మఖమల్ గుట్టను చూసింది. బాధ్యత పోయింది, కత్తి పోయింది, శనివారాలు కూడా పోయాయనుకుంది.

మైదానంలో నిక్కరొక్కటే మిగిలిన డారిల్ ఒంటరిగా నిలబడి, గెలిచానని కత్తి పైకెత్తాడు. డెస్లీ అవతలి జట్టు మనిషి, ఇంకా చావలేదు కూడా. పోయేదేదో కత్తి చేతిలో ఉండగానే పోనీ అనుకుని, గౌను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని తిన్నగా నడిచి, అతని వీపు మీద ఒక్కటిచ్చింది. కత్తి పట్టిన రెండో చేతి వేళ్ళకే మైకు ఇంకా వేలాడుతూ ఉంది.

"విప్పు" అంది. ఆ మాట మైదానమంతా వినబడింది.

"ఇంకేం లేవు, డెస్."

"నిక్కరుంది."

"అది వేషం కాదని ఏడాదిగా నువ్వే చెప్తున్నావుగా."

"వేషం కాకపోతే నీకు ప్రాణం లేదు, ఎప్పుడో చచ్చావు. వేషమే అంటే విప్పు."

డారిల్ ఒకసారి జనాన్ని చూశాడు. జనం ఎదురుచూస్తున్నారు. ముందు వరసలో వాళ్ళత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. అతను కత్తి కింద పెట్టి, బుద్ధిగా వెల్లకిలా పడుకుని చచ్చిపోయాడు.

చప్పట్లు ఆగేసరికి ఎద్దులు వచ్చేశాయి. జనం కదలకపోవడంతో వాటికీ మంచి ఆదరణే దొరికింది. మెర్వ్ డెస్లీ దగ్గరికి వచ్చి, కళ్ళ మీది టోపీని పైకి జరుపుకున్నాడు. ఎద్దుల వేళకి ఒక్క కుర్చీ ఖాళీ లేకపోవడం తన హయాంలో ఎప్పుడూ చూడలేదనీ, వచ్చే ఏడాది అరగంట ఇస్తాననీ చెప్పాడు.

"ఒక్క షరతు. ఇంకా ఎక్కువ బట్టలేసుకుని రమ్మను."

ఏడాదిగా తను మొత్తుకుంటున్నదీ అదేనని డెస్లీ హుందాగా జవాబిచ్చింది.

మరుసటి ఏడాది కార్యక్రమ పత్రంలో వాళ్ళ యుద్ధాన్ని చరిత్ర విభాగంలో కాకుండా, గొర్రెల బొచ్చు కత్తిరింపు పోటీల కింద అచ్చువేశారు.