ఇటలీ గెలిస్తే హన్మాండ్లుకు లీవు

ఫుట్‌బాల్ పందేలు మనిషిని చెడగొడతాయని ఎవరన్నారు? పచ్చి అబద్ధం! పందెం మనిషిని బాగుచేస్తుంది. నమ్మకపోతే ఏదో ఒక శుక్రవారం దుబాయ్ సోనాపూర్‌లోని మా కంపెనీ క్యాంపుకు రండి. పందొమ్మిదో నంబరు గదిలో గిన్నెలు ఎంత తళతళలాడుతున్నాయో మీరే చూడండి.

నేను ఆ కంపెనీ ఆఫీసులో లీవు కాగితాలు చూసే గుమాస్తాను. పేరు దక్షిణామూర్తి. ఈ 2006 ప్రపంచ కప్పు పుణ్యమా అని పందేల శాస్త్రమంతా ఇంటర్నెట్‌లో చదివేశాను. ఆఫీసు టైములో, ఆఫీసు కంప్యూటర్ మీదే చదివాను లెండి. ఫుట్‌బాల్‌ను కాలితో ఎన్నడూ తన్ని ఎరగను. నిపుణుడికి ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

ఇక్కడ డబ్బు పెట్టి పందెం కాస్తే పోలీసులు పట్టుకుపోతారు. అందుకని ఆ గదివాళ్ళు డబ్బు జోలికి పోకుండా పనులు పెడతారు. వంట వంతు, గిన్నెల వంతు, ఏసీ కింద మంచం, ఇలాంటివి. ఆ గదిలో అందరికన్నా పెద్దవాడు బస్సు డ్రైవర్ ఖాదర్ హుస్సేన్, ఒక్క పూట నమాజు తప్పని మనిషి. ఆయనకూ ముందు అనుమానం వచ్చింది. ఒక రోజంతా ఆలోచించి, "జూవా హరామ్ సాబ్. గని ఇది జూవా గాదు, డ్యూటీ చేంజ్!" అని తేల్చేశాడు. ఇక అడ్డేముంది?

ఇప్పుడు శాస్త్రంలోకి వద్దాం.

ఎవరు గెలుస్తారో చెప్పేది సింగిల్. ఇది పిరికివాళ్ళ పందెం. నెగ్గితే పొద్దున్న బాత్రూమ్ క్యూలో ఒక్క చోటు ముందుకు జరుపుతారు. ఇంతేనా అని పెదవి విరవకండి! సైటు బస్సు హారన్ కొడుతుండగా పన్నెండుమంది మగ్గులు పట్టుకుని నిలబడ్డ చోట ఆ ఒక్క చోటు విలువ ఎంతో, ఇంట్లో రెండు బాత్రూములున్న మీకేం తెలుసు?

డ్రా అని చెప్పేవాడు వేదాంతి. అందరూ సమానమే అంటాడు. అతని మాట నిజమైతే వారం రోజులు గిన్నెలు తోమక్కర్లేదు.

కరెక్ట్ స్కోర్ ఇంకాస్త ఘనమైనది. ఎన్ని గోల్స్‌కి ఎన్ని గోల్సో ముందే చెప్పాలి. మా తాపీమేస్త్రీ ఒకడు అర్జెంటీనా సెర్బియా మీద ఆరు కొడుతుంది, వాళ్ళది సున్నా అని వాగాడు. నోటి దురుసు తప్ప ఇంకేమీ కాదు. తీరా చూస్తే సరిగ్గా ఆరు కొట్టింది! బహుమతిగా ఏసీ కింద మంచం దక్కింది. అప్పట్నుంచి తుమ్ముతూనే ఉన్నాడు. అదృష్టం పట్టినా తట్టుకునే ఒళ్ళుండాలి మరి.

ఇక పందేలన్నిటికీ రాజు అక్యుములేటర్. వరసగా మూడు మ్యాచ్‌లు చెప్పాలి. రెండు తగిలి ఒకటి తప్పినా మూడూ పోయినట్టే. మరి దానికి బహుమతి ఏమిటి? లీవు!

మా కంపెనీలో గదికి ఒక్కడే లీవు మీద ఇంటికి వెళ్ళాలి. వాడు తిరిగొస్తేనే రెండోవాడి పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలోంచి బయటికి వస్తుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది గదివాళ్ళే తేల్చుకుంటారు. ఎవరికైనా ఇంటినుంచి చావు కబురులాంటిది వస్తే ముందున్నవాడు తన వంతు ఇచ్చేసి వెనక్కి వెళ్ళి నిలబడాలి. అది గది ఆచారం.

అలా రెండుసార్లు ఇచ్చేసి చిట్టచివర నిలబడ్డవాడు జగిత్యాల దగ్గరి హన్మాండ్లు. ఆయన దుబాయ్ వచ్చాక కూతురు పుట్టింది. మూడేళ్ళు నిండుతున్నా ఇంకా ఎత్తుకోలేదు. మీ నాయన ఏడి అని అడిగితే ఆ పిల్ల ఫోను చూపిస్తుందట. వంతు వచ్చేదాకా ఆగితే, విసుగొచ్చి ఫోను పెట్టేయడం కూడా నేర్చుకుంటుంది.

వరసలో మొదట ఉన్నవాడు అమలాపురం వైపు అంజిబాబు, ఇనుము కట్టే పని. సెమీఫైనల్స్ ముందు హన్మాండ్లు అతనితో అక్యుములేటర్ కాశాడు. జర్మనీ మీద ఇటలీ, పోర్చుగల్ మీద ఫ్రాన్స్, ఫైనల్లో మళ్ళీ ఇటలీ. మూడూ తగిలితే అంజిబాబు వంతు హన్మాండ్లుది. తప్పితే ఏడాది పొడుగునా అంజిబాబు వంట హన్మాండ్లు చెయ్యాలి.

ఇటలీయే ఎందుకయ్యా అని నేనడిగాను.

"సైటుల పెద్ద క్రేను ఇటలీదట సారూ. మూడేండ్ల సంది సూస్తున్న, ఒక్కపారి గూడ ఆగలే. గసొంటిది జేసినోళ్ళు ఆగుతరా?"

ఫ్రాన్స్ ఎందుకంటే, సైటుకొచ్చే ఇంజినీర్లలో తనకు సలాం చెప్పేది ఆ ఫ్రాన్స్ ఆయనొక్కడేనట! ఇదీ వరస. అంజిబాబు నా సలహా అడిగాడు. నేను కాలిక్యులేటర్ నొక్కి, ఎనిమిదింట ఒక వంతు కూడా అవకాశం లేదని తేల్చి, కళ్ళు మూసుకుని ఒప్పుకోమన్నాను. శాస్త్రం తెలిసినవాణ్ణి కదా!

మూడూ తగిలాయి.

ఫైనల్ తర్వాతి శుక్రవారం పందొమ్మిదో నంబరు గదిలో పంచాయితీ పెట్టారు. అందరూ మంచాల మీద కూర్చున్నారు, నాకు కుర్చీ వేశారు. అంజిబాబు ముఖం పాలిపోయి ఉంది. అప్పుడు నేను నా బ్రహ్మాస్త్రం తీశాను. అంతర్జాతీయ నియమం ప్రకారం పందేనికి తొంభై నిమిషాల ఆటే లెక్క. ఎక్స్‌ట్రా టైములో ఏం జరిగినా చెల్లదు. జర్మనీ మీద ఇటలీ కొట్టిన రెండు గోల్సూ ఎక్స్‌ట్రా టైములోవే. ఫైనల్ కూడా తొంభై నిమిషాలకు ఒకటి ఒకటే, తర్వాత పెనాల్టీలు. కాబట్టి హన్మాండ్లు ఓడిపోయాడు!

హన్మాండ్లు తలూపాడు. "సమజైంది సారూ. మన ఓవర్‌టైము గూడ ఆఫీసుల లెక్కకు రాదు గద."

నేను గంభీరంగా అవునన్నాను. కానీ అంజిబాబు మంచం దిగాడు. "ఏవండీ మూర్తి గారూ, మన ఓవర్‌టైము ఆఫీసోళ్ళు ఎగ్గొడతన్నారు, సరే. ఈ గదిలో కూడా ఎగ్గొట్టేత్తే ఇంక మనకీ ఆళ్ళకీ తేడా ఏటండీ? ఇటలీ ఆడింది. లెక్కే. నా వొంతు హన్మాండ్లన్నది. ఖలాస్!"

చూశారా? నేను కాపాడిన లీవును నా కళ్ళెదుటే పారేసుకున్నాడు! నిజం చెప్పొద్దూ, నాకు చాలా సిగ్గేసింది. నియమం చెప్పింది నేను, న్యాయం చేసింది వాడు.

శనివారమే హన్మాండ్లు లీవు కాగితం నా చేత్తో రాశాను. దాని మీద సంతకం పెట్టవలసింది ముదీర్, అంటే మా మేనేజరు, ఒక్కరే. ఆయన ఊళ్ళో లేరు. నెలాఖరుకు వచ్చారు. కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదవలేదు. సైటులో కడుతున్న టవర్ ఓనరుకు హ్యాండోవర్ అయ్యేదాకా లేబర్ లీవులన్నీ బంద్ అన్నారు. హ్యాండోవర్ ఎప్పుడంటే, ఇన్‌షా అల్లా అన్నారు.

ఆ మాట క్యాంపుకు వెళ్ళి చెప్పాను. హన్మాండ్లు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మూడు చెప్పిన, మూడు తగిలినయ్ గద సారూ. నాలుగోది గూడ ఉండెనా?"

ఉంది. దాని మీద పందెం ఏ దేశంలోనూ ఎవడూ తీసుకోడు. అందుకే అంటున్నాను, ఫుట్‌బాల్ పందెం చాలా మంచిది! గెలిచావా ఓడావా అన్నది తొంభై నిమిషాల్లోనో, నూట ఇరవైలోనో తేలిపోతుంది. గెలిచినవాడికి గిన్నెలైనా తప్పుతాయి. ఇన్‌షా అల్లాకు ఫైనల్ విజిల్ ఎవరు ఊదుతారు?

అన్నట్టు, ముదీర్ గారు జూన్‌లో లీవు మీద వెళ్ళింది ప్రపంచ కప్పు చూడటానికే. బ్రెజిల్ కప్పు కొడుతుందని ఆఫీసంతటికీ చెప్పి మరీ జర్మనీ విమానమెక్కారు. బ్రెజిల్ క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికి పోయింది. ఆయన లీవు మాత్రం ఒక్క రోజు కూడా తగ్గలేదు.